నేల మీద కూర్చుని వాయించడానికి చేయించుకున్న ఎలక్ట్రిక్ గిటారు: కొన్నేళ్ల వాడకం తరువాత

ఎలక్ట్రిక్ గిటారును నిలబడి, భుజానికి పట్టీ తగిలించుకుని వాయించేవారిని దృష్టిలో పెట్టుకునే ఎక్కువగా రూపొందిస్తారు. వేదిక మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని కర్ణాటక సంగీతం వాయించేవాడికి ఆ ఆకారంతో రెండు ఇబ్బందులు ఉన్నాయి. ఒళ్లో పెట్టుకోగానే నెక్, అంటే మెట్లుండే పొడవాటి కాడ, నేలవైపు వాలిపోతుంది కనుక, స్వరం పట్టవలసిన ఎడమచేయి గిటారు బరువును కూడా మోయవలసి వస్తుంది. పై స్థాయిలో గమకం కోసం తీగను పక్కకు లాగినప్పుడు వేలికొన చెక్కకు రాసుకుని జారవలసిన చోట ఆగిపోతుంది. దుకాణాల్లో దొరికే వాటిలో ఈ రెండింటికీ విరుగుడు కనిపించక, చెన్నై పడమటి శివారులో ఇద్దరు ముగ్గురు పనివారితో నడిచే ఒక చిన్న కార్ఖానాలో నాకు కావలసిన కొలతలతో గిటారు చేయించుకున్నాను. కొన్నేళ్లుగా సాధనకూ, కచేరీలకూ, అప్పుడప్పుడు వడపళని వైపు స్టూడియోలలో రికార్డింగులకూ అదే వాడుతున్నాను.

నేను అడిగినది కొత్త సంగతేమీ కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) జంట తీగలను వదిలి ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద రాగాలు పలికించారు. ఇంగ్లీషు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ ‘శక్తి’ బృందంలో మెట్ల (ఫ్రెట్ల) మధ్య చెక్కను లోపలికి తొలిపించిన గిటారు వాయించారు. గిటారు చేసిన పెద్దాయనకు ఈ రెండు సంగతులూ తెలిసి ఉండడం వల్ల నా పని సగం తేలికైంది. ఆయన పూర్వులు నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ వడ్రంగంలో స్థిరపడినవారు. తెలుగులో మొదలైన మాట కొలతల దగ్గరకు వచ్చేసరికి తమిళంలోకి వెళ్లిపోయేది.

ఈ గిటారులో పెట్టిన డబ్బుకు తగిన పని నెక్‌లో ఉంది. మేపుల్ పట్టీలు మూడింటిని పక్కపక్కన అతికించి, నడిమి పట్టీ ఈనెను (చెక్క నార దిశను) మిగతా రెండింటికి ఎదురుగా తిప్పడం వల్ల ఒక పట్టీ వంగబోతే మిగతావి దాన్ని పట్టి ఉంచుతాయి. నెక్‌ను ముందు మోటుగా కోసి, కొన్ని వారాలు వేలాడదీసి, లోపలి బిగువు సడలి చెక్క ఎటు వంగదలచుకుందో అటు వంగనిచ్చిన తరువాతే మళ్లీ చిత్రిక పట్టారు. ఎప్పుడిస్తారని అడిగినప్పుడల్లా, “చెక్కకు తొందర లేదు సార్, మీకే ఉంది” అనేవారు. చెప్పిన గడువు నెలల తరబడి దాటిపోయింది కనుక ఆ మాట అప్పట్లో నాకు అంతగా రుచించలేదు.

మెట్ల కొలతలు కూడా ఆయన చేత్తోనే గీశారు. నెక్ పై కొసన తీగలు ఆనే నట్ నుంచి బాడీ మీద అవి ఆనే బ్రిడ్జి వరకు తీగ పొడవు 648 మిల్లీమీటర్లు, దాన్ని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం సుమారు 36.4 మిల్లీమీటర్లు వస్తుంది, మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే తరువాతి మెట్టు, ఇలా సాగి పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 324 దగ్గర పడాలి. ఎక్కడ కాస్త తేడా వచ్చినా తంబురా పక్కన కూర్చున్నవాడి చెవికి వెంటనే తెలిసిపోతుంది. నాకు ఇంతవరకు తెలియలేదు.

చెన్నై గాలికి ఈ నెక్ తట్టుకున్న తీరు నేను ఆశించినదాని కంటే మెరుగ్గా ఉంది. ఈశాన్య ఋతుపవనాల తేమలోనూ, కచేరీలు ముమ్మరంగా జరిగే ధనుర్మాసంలోనూ, ఏసీ గదిలో నుంచి బయటి ఉక్కలోకి వచ్చినప్పుడూ తీగల శ్రుతి కొద్దిగా కదులుతుంది కానీ నెక్ పెద్దగా కదలదు. వానాకాలం ముగిశాక నెక్ వంపును సరిచేసే లోపలి ఉక్కు కడ్డీని (ట్రస్ రాడ్‌ను) ఒక పావు చుట్టు తిప్పితే సరిపోతోంది. మెట్లకు స్టెయిన్‌లెస్ స్టీలు అడగడం వల్ల చెమటకు మచ్చ పడలేదు. ఇంత లాగుడుకు మామూలు నికెల్ మెట్లైతే ఈపాటికి గాడులు పడి ఉండేవి.

పన్నెండో మెట్టు నుంచి పైకి చెక్క తొలిపించుకున్న విషయంలో నా అభిప్రాయం అంత సూటిగా చెప్పలేను. వేలు చెక్కను తాకదు కనుక తోడి రాగం గాంధారంలో కంపితం (స్వరాన్ని ఊపడం), కల్యాణి రాగంలో జారు (స్వరం నుంచి స్వరానికి జారడం) వీణకు దగ్గరగా పలుకుతాయి. అయితే మెట్టు వెనుక తీగను కాస్త గట్టిగా నొక్కితే చాలు, శ్రుతి పైకి పోతుంది. సినిమా పాటకు పైన కార్డు (ఒకేసారి పలికే కొన్ని స్వరాల కలయిక) పట్టవలసి వచ్చినప్పుడు వేళ్లు సమానమైన ఒత్తిడితో పడకపోతే ఆ కార్డు శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది. కార్డులు ఎక్కువగా వాయించేవారు దీని జోలికి పోకుండా ఎత్తైన మెట్లు వేయించుకోవడం మంచిది. వేలు చెక్కకు తగలకుండా ఉండే సుఖం అందులోనూ చాలావరకు దొరుకుతుంది.

బాడీకి మహాగని వాడారు. ఏ చెక్కకు ఏ నాదమో పెద్దాయన గంటలు గంటలు చెప్పగలరు. తీగల కింద ఉండే అయస్కాంతపు పరికరం, పికప్, పట్టేది ఉక్కు తీగ కదలికను కనుక, యాంప్లిఫయరు దాటిన తరువాత ఆ తేడాలో నా చెవికి అందేది చాలా తక్కువ. మహాగని వల్ల నాకు నిజంగా ఒరిగినది బరువు పంపిణీ: బాడీ వెనుక భాగం నిండుగా ఉండి, కుడి తొడ మీద ఆనే నడుము వంపు లోతుగా ఉండడం వల్ల చేయి వదిలేసినా నెక్ వాలదు. ఈ గిటారు చేయించుకోవడానికి ఇదొక్కటే కారణమైనా నాకు చాలునని ఇప్పుడు అనిపిస్తోంది.

వైరింగు మాత్రం మిగతా పనికి తగినట్టు లేదు. పికప్‌లు హంబకర్లే, అంటే రెండు తీగచుట్టలు ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉండి 50 హెర్ట్జ్ కరెంటు గుయ్యిమనే రొదను ఒకదానితో ఒకటి కొట్టివేస్తాయి. ఒక్క తీగచుట్టతో వాయించే స్విచ్ కూడా కావాలని అడిగాను. బాడీలో వైర్లు వెళ్లే గుంటలకు రొదను అడ్డుకునే రాగి రేకు అంటించకపోవడం వల్ల, ఆ స్విచ్ వేసినప్పుడు కల్యాణ మండపాల సీరియల్ లైట్ల దగ్గర రొద మృదంగం కంటే ముందు వినిపించేది. తీగ మీద చేయి వేస్తే తగ్గేది, తీస్తే మళ్లీ మొదలయ్యేది. తిరిగి తీసుకువెళితే డబ్బు అడగకుండా రేకు వేసి ఇచ్చారు. అయినా మొదటిసారే వేయవలసిన పని అది.

నైట్రోసెల్యులోజ్ లాకరు పూత ఈ ఊరికి తగినది కాదని నా నిశ్చితాభిప్రాయం. చూపుకు పలుచగా, అందంగా ఉంటుంది. కుడి ముంజేయి ఆనే చోట చెమటకు మెత్తబడి, ఎండాకాలంలో జిగురుగా తగులుతోంది. రబ్బరు తొడుగులున్న స్టాండు ఆనిన చోట చెరగని మచ్చ పడింది. పాలియురేథేన్ పూత అడిగి ఉంటే ఈ రెండూ ఉండేవి కావు. నెక్ వెనుక పూత వద్దని నూనె మాత్రమే పట్టించుకున్నాను, అక్కడ ఏ ఇబ్బందీ లేదు.

గిటారు ఖర్చు మొత్తం లక్ష రూపాయలకు కాస్త దిగువన తేలింది. చేయించుకోదలచినవారు తీగ పొడవు, నట్ వెడల్పు, నెక్ మందం, పూత రకం, రాగి రేకు అన్నీ అడ్వాన్సు ఇచ్చే ముందే కాగితం మీద రాయించుకుని ఇద్దరూ సంతకం పెట్టుకోవాలి. ఇలాంటి చోట్ల మాట మీద నడిచే పని నెలలు గడిచేకొద్దీ మారిపోతుంది. బాడీ పూత గీకి కొత్తది వేస్తానని పెద్దాయన ఒప్పుకున్నారు, కానీ ఎన్నాళ్లు పడుతుందో చెప్పడం లేదు కనుక గిటారును ఇంకా అప్పగించలేదు.