మెదడుకు పాకిన క్యాన్సర్: తలంతా కరెంటు పెట్టించాలా, గడ్డల మీదే గురిపెట్టాలా?

"మెదడుకూ పాకిందట, కరెంటు పెట్టాలంటున్నారు." మా పెద్దమ్మ స్కాన్ రిపోర్టు వచ్చిన రోజు ఇంట్లో అందరం అనుకున్న మాట ఇదే. ఆ కరెంటులో రెండు రకాలున్నాయని మాకు అప్పటికి తెలియదు. మెదడు మొత్తానికీ ఇచ్చే రేడియేషన్ ఒకటి, గడ్డలున్న చోటికే గురిపెట్టి ఇచ్చే రేడియోసర్జరీ ఇంకొకటి. ఏది ఎంచుకున్నారన్న దాన్ని బట్టి, నిన్న ఎవరొచ్చి వెళ్లారో గుర్తుండటం కూడా మారిపోవచ్చు.

మొత్తం మెదడుకు ఇచ్చేటప్పుడు మామూలుగా 10 సిట్టింగుల్లో 30 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), లేదా 5 సిట్టింగుల్లో 20 గ్రే ఇస్తారు. ఒక్కో సిట్టింగు కొద్ది నిమిషాలే. స్కాన్‌లో ఇంకా కనబడని సన్న కణాలను కూడా అది పట్టుకుంటుంది, దాని బలమంతా అక్కడే ఉంది. ప్రతిగా రెండు మూడు వారాల్లో జుట్టు రాలుతుంది, నీరసం, మత్తు కొన్ని వారాలు వదలవు. అవి తగ్గేవే. జ్ఞాపకశక్తికి తగిలే దెబ్బ మాత్రం చాలామందిలో నిలిచిపోతుంది. కొత్త సంగతులను గుర్తుంచుకునే హిప్పోకాంపస్ అనే చిన్న భాగం కూడా ఆ కిరణాల దారిలోనే ఉంటుంది మరి.

రేడియోసర్జరీ ఆలోచన స్వీడన్ సర్జన్ లార్స్ లెక్సెల్‌ది, 1951 నాటిది. ఎన్నో దిక్కుల నుంచి బలహీనమైన కిరణాలను పంపి, అవన్నీ గడ్డ దగ్గరే కలిసేలా చేస్తారు. ఈ పనికి వాడే ఇప్పటి గామా నైఫ్ యంత్రంలో కిరణాలను వెలువరించే కోబాల్ట్ మూలాలు 192 ఉంటాయి. పేరులో కత్తి ఉంది గానీ కోత లేదు. చిన్న గడ్డలకు ఒక్క రోజే సరిపోతుంది, పెద్దవాటికి మూడు నుంచి ఐదు రోజులుగా విడగొడతారు.

రెండు పద్ధతుల్లోనూ తల కదలకూడదు. గామా నైఫ్‌కైతే ఒక్కోసారి చర్మానికి మాత్రం మత్తు సూది ఇచ్చి తలకు ఫ్రేమ్ బిగిస్తారు. మిగతా చోట్ల మాస్కు. వేడినీళ్లలో మెత్తబడిన వలలాంటి ప్లాస్టిక్ షీటును ముఖం మీద పరిచి, గట్టిపడ్డాక బల్లకు బిగిస్తారు. బయటికొచ్చినప్పుడు పెద్దమ్మ నుదుటి మీద, చెంపల మీద గళ్ల అచ్చు ఎర్రగా కనబడింది. "ఊపిరి లెక్కపెట్టుకుంటూ పడుకున్నానే," అంది. మూసినట్టుంటే భయపడేవాళ్లు ముందే చెప్పాలి, దానికి మందిస్తారు.

ఇక ఏది మేలు? గడ్డలు నాలుగైదు లోపుంటే నా మటుకు గురిపెట్టి ఇచ్చేదే మేలు, సందేహం లేదు. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో ఒకటి నుంచి మూడు గడ్డలున్న 213 మందిని చూశారు. మూడు నెలలకు ఆలోచన, జ్ఞాపకం దెబ్బతిన్నవాళ్లు రేడియోసర్జరీ ఒక్కటే చేసినవారిలో నూటికి 64 మంది. దానికి మొత్తం మెదడు రేడియేషన్ కూడా కలిపినవారిలో 92 మంది. పోనీ ఆయుష్షు పెరిగిందా అంటే, అదీ లేదు. గడ్డలు ఐదు దాటగానే ఆశ వదులుకోనక్కర్లేదని జపాన్‌లో 1194 మందితో చేసిన పరిశీలన చెప్పింది. 5 నుంచి 10 గడ్డలున్నవాళ్లు, 2 నుంచి 4 ఉన్నవాళ్లతో సమానంగానే బతికారు.

అయితే దీనికొక షరతుంది. మిగతా మెదడును ముట్టుకోలేదు కాబట్టి కొత్త గడ్డలు వచ్చే అవకాశం ఎక్కువ. రెండు మూడు నెలలకోసారి ఎంఆర్‌ఐ తీయించుకోలేని పరిస్థితుంటే సగం లాభం పోయినట్టే. కొందరిలో నెలల తర్వాత, కిరణాలు తగిలిన చోట కణజాలం చచ్చి వాపు వస్తుంది. స్కాన్‌లో అది మళ్లీ పెరిగిన గడ్డలాగే కనబడి కంగారు పెడుతుంది.

మెదడంతా చుక్కలు చల్లినట్టుంటే, మెదడు చుట్టూ ఉండే పొరలకు పాకితే, మొత్తం మెదడుకు ఇవ్వడమే సబబు కావచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో స్మాల్ సెల్ అనే రకానికీ చాలాకాలంగా అదే దారి. అప్పుడు డాక్టర్ని ఒక్కటి తప్పక అడగండి: "హిప్పోకాంపస్‌ను తప్పించి ఇవ్వగలరా? జ్ఞాపకశక్తి కోసం వాడే మెమాంటిన్ మాత్ర కూడా ఇస్తారా?" ఈ రెండూ కలిపితే జ్ఞాపకశక్తికి నష్టం తగ్గుతుందని 518 మందితో చేసిన అధ్యయనంలో తేలింది. హిప్పోకాంపస్ పక్కనే గడ్డ ఉంటే మాత్రం కుదరదు.

రేడియేషన్ అసలు వద్దనుకోవడం కూడా ఒక దారే. ఆపరేషన్‌కూ రేడియోసర్జరీకీ వీలుకాని 538 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో, మొత్తం మెదడు రేడియేషన్ తీసుకున్నవాళ్లు సుమారు 9 వారాలు బతికితే, వాపు తగ్గించే స్టెరాయిడ్లు, ఉపశమన వైద్యంతో ఉన్నవాళ్లు 8 వారాల పైచిలుకు బతికారు. బాగా నీరసించిన మనిషిని రోజూ బల్ల మీద పడుకోబెట్టే ముందు ఈ లెక్క ఇంట్లోవాళ్లకు తెలియాలి. ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే అనే జన్యువుల్లో మార్పులున్న క్యాన్సర్లలో మెదడుకు చేరే మాత్రలతో కొందరికి రేడియేషన్‌ను కొన్నాళ్లు వెనక్కి నెట్టొచ్చు.

పెద్దమ్మకు నాలుగు గడ్డలు, గురిపెట్టే ఇచ్చారు. రెండో స్కాన్‌లో కొత్తది ఒకటి బయటపడింది, దానికి మళ్లీ ఒక్క రోజు. ఆ తర్వాతి స్కాన్ సంగతి నేనే పనుల్లో పడి మరిచిపోయాను. పెద్దమ్మే ఫోన్ చేసి, "పద్నాలుగో తారీకు స్కానుందే, సెలవు పెట్టావా?" అని అడిగింది.