నేరు అనుసంధానమా, ఉమ్మడి ప్రమాణమా?

వేర్వేరు సంస్థలు తయారుచేసిన రెండు సాఫ్ట్‌వేర్ వ్యవస్థలు కలిసి పనిచేయాలంటే, ఆ రెండింటికి మాత్రమే సరిపోయే నేరు అనుసంధానాన్ని ప్రత్యేకంగా రాయించుకోవచ్చు, లేదా అందరూ అంగీకరించిన బహిరంగ ప్రమాణాన్ని (ఓపెన్ స్టాండర్డ్) రెండింటిలోనూ అమలు చేయవచ్చు.

ఖర్చు: నేరు అనుసంధానం మొదట్లో చౌక. అయితే ప్రతి వ్యవస్థనూ మిగతా అన్నింటితో కలపవలసి వస్తే 4 వ్యవస్థలకు 6 అనుసంధానాలు, 10 వ్యవస్థలకు ఏకంగా 45 కావాలి. ప్రమాణం ఉంటే ఒక్కో వ్యవస్థకు ఒక్కటి చొప్పున 10 చాలు.

శ్రమ: ప్రమాణంతో భారం ముందే పడుతుంది. నేరు అనుసంధానంలో ఏ వైపు మార్పు జరిగినా మళ్లీ పని మొదలవుతుంది.

ప్రమాదం: అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒక వ్యవస్థ 03/04/2024 అని పంపితే అవతలిది దాన్ని ఏప్రిల్ 3 అని కాక మార్చి 4 అని చదువుకోవచ్చు. ఏ హెచ్చరికా లేకుండా తప్పు తేదీ నమోదైపోతుంది, నాకు అన్నిటికన్నా భయం కలిగించే పొరపాటు ఇదే. తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 8601 ప్రకారం 2024-04-03 అని రాస్తే సంవత్సరం, నెల, రోజు అనే వరుస ముందే ఖాయమై ఉంటుంది కనుక సందేహానికి తావుండదు. అయితే ప్రమాణంలోని ఐచ్ఛిక అంశాలను ఒక్కొక్కరు ఒక్కో తీరున అమలు చేస్తే పొంతన కుదరదు కాబట్టి, వ్యవస్థలు డేటాను సరిగ్గా ఇచ్చిపుచ్చుకుంటున్నాయో లేదో చూసే పరీక్షలు జరిపి తీరాలి.

రెండే వ్యవస్థలుండి, వాటిలో ఒకటి త్వరలో తొలగిపోయేదైతే నేరు అనుసంధానమే సరైనది. వ్యవస్థలు పెరిగే అవకాశం ఉన్నా, డేటా ఏళ్ల తరబడి నిలవాలన్నా, ఎప్పుడైనా సరఫరాదారును మార్చుకోవలసి వచ్చేలా ఉన్నా ప్రమాణాన్నే ఎంచుకోవాలి.