కుస్తీ శిబిరానికి పిల్లలను పంపేవారు ‘ఆధ్వర్యంలో’ అన్న మాట దగ్గర ఆగండి

ఆసుపత్రి నుంచి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. పిల్లవాడు ఇప్పుడే నిద్రపోయాడు. నాకు నిద్ర రావడం లేదు. తెల్లవారేదాకా ఆగితే కోపం చల్లారి ‘పోనీలే’ అనుకుంటానేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

శిబిరం పేరు రాయను. రాయనక్కరలేదు కూడా. ఏప్రిల్ నుంచి హైదరాబాద్‌లో ప్రతి మలుపులోనూ వేలాడుతున్న ఆ పసుపు ఫ్లెక్సీ మీ కంటపడకుండా ఉండదు. పది రోజుల కుస్తీ శిక్షణ, భోజనం, వసతి, పక్కన పెద్ద కోచ్ ఫోటో. నలిగి, గడ్డకట్టి, ముద్దలా మారిన ఆ చెవులు చూడగానే నమ్మేశాను. ఏళ్ల తరబడి పట్లు పట్టినవారికి వచ్చే చెవులు అవి. చెవులు అబద్ధమాడవు కదా అనుకున్నాను. నిజమే, అబద్ధమాడింది చెవులు కాదు.

మా వాడికి పదమూడేళ్లు, 43 కిలోలు. 2024లో పారిస్ ఒలింపిక్స్ కుస్తీలో అమన్ సెహ్రావత్ 57 కిలోల విభాగంలో కాంస్యం గెలిచిన రాత్రి నుంచి మా ఇంట్లో దిండ్లకు మనశ్శాంతి లేదు. మా తాత పాతబస్తీలో కుస్తీ నేర్పే తాలీంఖానాకు వెళ్లి మట్టిలో దొర్లినవాడే. ఆ మురిపెం నాకూ ఉంది. 18,000 రూపాయలు కట్టి రసీదు జేబులో పెట్టుకున్నాను.

మొదటి రోజు పెద్ద కోచ్ వచ్చిన మాట వాస్తవం. మా వాడి కుడి మణికట్టు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఎముక గట్టిది, వీడిని నేను చూసుకుంటాను’ అని హిందీలో అన్నారు. అక్కడే ఫోటో తీశారు. మధ్యాహ్నానికి కారెక్కారు. భోజనానికి వెళ్లారనుకున్నాను.

పిల్లల దగ్గర ఫోన్లు ఉండనివ్వరు, సాయంత్రం అయిదు నిమిషాలు మాట్లాడిస్తారు. నాలుగో రోజు మా వాడు ‘ఆ సార్ ఇంకా రాలేదు నాన్నా’ అన్నాడు. ‘వస్తారులే, పెద్దవాళ్లకు పనులుంటాయి’ అన్నాను. ‘మ్యాట్ మీద కాలు ఇరుక్కుంటోంది నాన్నా’ అన్నాడు. ‘కుస్తీ అంటే పరుపు మీద పడుకోవడమా?’ అని నవ్వాను. ఈ రెండు జవాబులూ రేపు ఎవరైనా నా నుదుటి మీద రాసి ఊరేగిస్తే అభ్యంతరం లేదు.

ఇవాళ, ఆరో రోజు సాయంత్రం ఫోను వచ్చింది. చేసింది నిర్వాహకులు కాదు, వంటమనిషి. ‘బాబు చేయి వాచింది సార్, మీరు వస్తే బాగుంటుంది’ అంది. ఆ తల్లికి ఏమిచ్చినా తక్కువే.

వెళ్లి చూస్తే అదొక ఫంక్షన్ హాలు. పోటీల్లో వాడే మ్యాట్ మీద వలయం వ్యాసమే 9 మీటర్లు ఉంటుంది, దాని చుట్టూ మరో మీటరున్నర రక్షణ పట్టీ. ఇక్కడ పరిచింది చిన్నపిల్లల బడుల్లో ఆడుకోవడానికి వేసే రంగురంగుల ఫోమ్ పలకలు, ఒకదాని పళ్లలో మరొకటి ఇరికించేవి. నేను నిలబడి ఉండగానే ఒక పలక జరిగి బొటనవేలు పట్టేంత సందు తెరుచుకుంది. ఒక పిల్లవాడు వచ్చి అలవాటైన పనిలా కాలితో దాన్ని వెనక్కి తోసి వెళ్లాడు. ఆ సందులోనే మా వాడి కాలి వేలు ఇరుక్కుంది. నాకు ముందే చెప్పాడు కూడా.

యాభైకి పైగా పిల్లలు. నేర్పేవారు ఇద్దరు, ఇరవై ఏళ్లు దాటని కుర్రాళ్లు, ఒకరి మెడలో విజిల్. మా వాడి ఎదుట నిలబెట్టిన అబ్బాయి 60 కిలోలు దాటాడు. పదిహేనేళ్ల లోపు బాలుర బరువు విభాగాలు మా బీరువా తలుపు మీద అంటించి ఉన్నాయి కాబట్టి నాకూ కంఠతా వచ్చు: 44, 48, 52, 57, 62. అంటే మా వాడి కన్నా నాలుగు మెట్లు పైన ఉన్నవాడు. అంతకన్నా ఘోరం, ఆరు రోజుల్లో పడడం నేర్పలేదు. ఏ తాలీంలోనైనా ఉస్తాద్ ముందు నేర్పేది అదే. గడ్డం ఛాతీకి ఆనించుకోవాలి, చేయి నేలకు ఊతంగా పెట్టకూడదు. మా వాడు చేయి పెట్టాడు. తెలియనివాడు ఎవడైనా అదే చేస్తాడు. కుడి మణికట్టు.

ఇక అసలు సంగతి. పిల్లవాడిని ఆటోలో కూర్చోబెట్టి ఆఫీసు గదికి వెళ్లాను. నిర్వాహకుడు భోజనం చేస్తున్నాడు. లేవలేదు. పెద్ద కోచ్ గారు ఎక్కడ అని అడిగాను.

‘ఆయన వచ్చి వెళ్లారు కదండీ. మీరు ఫోటో కూడా తీయించుకున్నారు.’

‘పది రోజులూ ఆయనే నేర్పుతారనే కదా నేను డబ్బు కట్టింది?’

అతను ఎడమ చేత్తో బల్ల మీది కరపత్రం ఒకటి లాగి, పప్పన్నం కలుపుతున్న కుడి చేతి వేలితో ఒక మాట మీద నొక్కాడు. ‘చదవండి సార్. ఆధ్వర్యంలో అని ఉంది. ఆయనే నేర్పుతారని ఎక్కడైనా ఉందా? ఉంటే చూపించండి, ఇప్పుడే మొత్తం వాపసు ఇస్తాను.’

చదివాను. నిజంగానే లేదు. ‘అనుభవజ్ఞులైన కోచ్‌ల ఆధ్వర్యంలో.’ అంతే.

నేనేం పని చేస్తానో చెబితే మీరు నవ్వుతారు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఎదుట ఇరవై రెండేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. తూర్పు హద్దులో ఒక్క అక్షరం తేడా వస్తే పట్టుకునే కళ్లు ఇవి. ‘ఇందుమూలముగా’ అన్న మాట తర్వాత ఏముందో నాలుగుసార్లు చదవనిదే సంతకం పెట్టవద్దని వచ్చినవారందరికీ చెప్పే నోరు ఇది. సొంత కొడుకు దగ్గరికి వచ్చేసరికి చెవులు చూసి 18,000 కట్టాను.

నేను మాట్లాడకుండా నిలబడడం చూసి అతను ఇంకో ముద్ద తిన్నాడు. తర్వాత, ‘మీ వాడికి చదరంగం నేర్పించండి సార్, చేతులు విరగవు’ అన్నాడు. పక్కన కూర్చున్న ఇద్దరు నవ్వారు. గుమ్మం దగ్గర ఉన్న విజిల్ కుర్రాడు మాత్రం నవ్వలేదు, తల దించుకున్నాడు. పాపం, అతనికి రోజుకు ఎంత ఇస్తున్నారో.

అప్పుడు నేనేమన్నానో తెలుసా? ‘సరేనండి’ అన్నాను. అది తలుచుకుంటేనే నాకు నిద్ర రావడం లేదు. ఎక్స్‌రేలో పగులు కనిపించింది, ఆరు వారాలు పిండికట్టు, అదంతా నయమవుతుంది. ‘సరేనండి’ అని ఎందుకన్నాను?

ఆ కరపత్రం మడిచి తెచ్చుకున్నాను. ఆ మాట మీద పప్పు మరక ఇంకా పచ్చగానే ఉంది. రసీదు వెనక చూస్తే ‘చెల్లించిన రుసుము ఏ కారణంగానూ వాపసు చేయబడదు’ అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అదీ చదవలేదు. ఇంటికి వచ్చి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ‘మీ పిల్లలకు ఎవరు నేర్పుతున్నారో ఒకసారి వెళ్లి చూడండి’ అని ఒక్క వాక్యం రాశాను. రెండు నిమిషాల్లో నన్ను తొలగించారు. పిల్లవాడి చేయి వాచిందని ఫోను చేయడానికి తీరిక లేనివారికి దీనికి మాత్రం తీరిక దొరికింది.

మీకు చెప్పవలసింది కొంచెమే. రోజూ మ్యాట్ మీద ఉండేది ఎవరో పేరుతో సహా రాసివ్వమనండి. పటియాలా జాతీయ క్రీడా సంస్థలో చదివామంటే అది ఏడాది డిప్లొమానా, ఆరు వారాల సర్టిఫికెట్టా అని అడగండి. రెండూ ఉన్నాయి, ఫ్లెక్సీ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మూడో రోజు చెప్పకుండా వెళ్లి చూడండి. పిల్లలు ఫోనులో ఏదైనా అంటే నాలా నవ్వకండి.

ఇంకొకటి. ఆసుపత్రి నుంచి వస్తుంటే దారిలో రెండో విడత ఫ్లెక్సీ కట్టి ఉంది, ఆదివారం మొదలట. ఈసారి కొత్త ఫోటో వేశారు. పెద్ద కోచ్ ఒక పిల్లవాడి మణికట్టు పట్టుకుని నవ్వుతున్నారు. ఆ నల్ల బనియను పిల్లవాడు మా వాడే. ఆటో కిటికీలోంచి వాడే నాకు చూపించాడు, ఎడమ చేత్తో. ఫోటో తీసేయమని నిర్వాహకుడికి సందేశం పంపాను. రెండు నీలి గీతలు పడ్డాయి, జవాబు ఇంకా రాలేదు.