టెలి మానస్ 14416: తెలుగులో మాట్లాడి, విషయం విడమర్చి చెప్పారు

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ సంగతి మా చుట్టాల్లో చాలామందికి ఇప్పటికీ తెలీదు. అందుకే రాస్తున్నాను. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి ముఖ్య కేంద్రం. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగు ఎంచుకుంటే తెలుగులోనే మాట్లాడతారు.

మేం ఫోన్ చేసింది మా మరిది కోసం. ఉన్నట్టుండి గుండె దడ, అరచేతుల నిండా చెమట, వేళ్లకు తిమ్మిర్లు. "వదినా, చచ్చిపోతున్నా" అని నా చెయ్యి గట్టిగా పట్టుకునేవాడు. ఒక నర్సింగ్ హోమ్‌లో ఈసీజీ తీసి, "ఏం లేదు, ఊరికే టెన్షన్" అని గ్యాస్ మాత్ర రాసి పంపేశారు. ఆ "ఏం లేదు" అన్న మాటకే నాకు ఒళ్లు మండింది. ఈసీజీ బాగుంటే పిల్లాడు బాగున్నట్టేనా? ఇంట్లో అత్తయ్యగారు దిష్టి తీశారు. మావయ్యగారు "మగాడివి, ధైర్యంగా ఉండరా" అన్నారు.

ఫోన్‌లో కౌన్సెలర్ అమ్మాయి తొందరపెట్టలేదు. నిద్ర పడుతోందా, రోజుకు ఎన్ని టీలు తాగుతాడు, బస్సెక్కడం మానేశాడా అని అడిగింది. మానేశాడు. ఇది పానిక్ అటాక్‌లా ఉందని, సాధారణంగా పది నిమిషాల్లోపే బాగా పెరిగి ఆ తర్వాత తగ్గుతుందని చెప్పింది. ఆపద ముంచుకొచ్చిందనుకుని ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ పెరగడం వల్ల ఆ దడ, గబగబా ఊపిరి తీయడం వల్ల ఆ తిమ్మిర్లు. పిరికితనం కాదు, నటన అసలే కాదు. స్పీకర్ పెట్టాం కాబట్టి మావయ్యగారూ విన్నారు. భయమేసిన చోటికి వెళ్లడం మానేస్తే భయం ఇంకా ముదురుతుందన్నది మా అందరికీ కొత్త సంగతి. థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది కాబట్టి ఆ పరీక్షా చేయించమంది. (మావాడికి మామూలుగానే ఉంది.)

తర్వాత జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లమన్నారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరునే తిట్టుగా వాడే మనుషుల మధ్య, ముందు ఇంట్లో కూర్చునే ఇదంతా మాట్లాడగలగడం చిన్న విషయం కాదు. జిల్లా ఆసుపత్రిలో ఆందోళన తగ్గించే ఎస్సిటాలోప్రామ్ మాత్ర రాస్తే, అలవాటైపోతుందేమోనని అత్తయ్యగారు బెంగపడ్డారు. అలవాటు పడే ప్రమాదం అల్ప్రాజొలామ్ లాంటి మత్తు మాత్రలతోనని, ఇది అలాంటిది కాదని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, సొంతంగా ఆపేయకూడదు, ఆయన చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఫోన్ చేసేటప్పుడు బాధపడుతున్న మనిషినే మాట్లాడనివ్వండి, వాడుతున్న మందుల పేర్లు దగ్గర పెట్టుకోండి. 14416 కలవకపోతే 1800 891 4416కి చేయండి.