ఐదు సీజన్లు వాడిన డోకువికీ: వరదలో కంప్యూటర్ పోయింది, కాకా చెప్పింది మిగిలింది

డోకువికీ అంటే ఒకచోట పనిచేసేవాళ్లంతా తమకు తెలిసింది పుటలుగా రాసి దాచుకునే సాఫ్ట్‌వేర్. దాన్ని ఎలా పెట్టుకోవాలో చెప్పే రాతలు చాలానే ఉన్నాయి, అదంతా వదిలేస్తున్నా. దాని ఒక్క గుణం గురించే నేను రాసేది. అందులో రాసిన ప్రతి పుటా ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. వెనకాల డేటాబేస్ లేదు. 2020లో పెట్టుకున్నప్పుడు ఇది నాకు పెద్ద విషయంగా కనబడలేదు. 2023 జులై తర్వాత ఎవరు అడిగినా ముందు ఇదే చెబుతున్నా.

మాది వరంగల్ శివార్లలో పత్తి జిన్నింగ్ మిల్లు, అంటే పత్తిలో దూదిని, గింజను వేరుచేసే మిల్లు. ఆ పని చేసే మిషన్‌నే జిన్ను అంటాం. ముప్పై మందిమి. నేను ఆఫీసులో స్టోర్సు, లెక్కలు చూస్తా. ఈ వికీ పెట్టడానికి కారణం మా పెద్ద ఫిట్టరు. మేమందరం ఆయన్ను కాకా అంటాం. డబుల్ రోలర్ జిన్ను తిరుగుతుంటే షెడ్డు బయట నిలబడి, ఏ మిషన్లో కత్తి రోలర్‌ను ఎక్కువ ఒత్తుతోందో చెవితోనే చెప్పేవారు. రెండేళ్లలో పని మానేస్తానని అప్పటికే సేటుతో అన్నారు. మిల్లు మూసేస్తే యంత్రాలకు వేలంలో ఏదో ఒక ధర పలుకుతుంది. వాటిని నడిపినవాళ్లకు తెలిసింది మాత్రం వాళ్లతోపాటే ఇంటికి పోతుంది. 1934లో మొదలై 2002లో మూతపడ్డ ఆజంజాహి బట్టల మిల్లు దగ్గరి గల్లీల్లో పెరిగినవాణ్ని, ఊరికే అంటున్న మాట కాదు.

కాకాను ఒప్పించడం తేలిక కాలేదు. "అన్ని రాసిచ్చినంక ఇగ నాతోని పనేముంటది బిడ్డా?" అన్నారు. న్యాయమైన భయమే. అప్పుడు ఒక పుట తెరిచి, అడుగున ఎవరు రాశారో పేరు పడే చోటు చూపించా. "నా పేరుంటదా గక్కడ?" అని రెండుసార్లు అడిగారు. ఆయన పేరిట ఖాతా తెరిచా. ఆయన మిషన్ దగ్గర నిలబడి చెబితే నేను ఫోన్లో రికార్డు చేసి, సాయంత్రం ఆయన ఖాతాతోనే టైపు చేసి, చదివి వినిపించేవాణ్ని. తప్పుంటే అప్పుడే దిద్దించేవారు.

అట్లా నలభైకి పైగా పుటలయ్యాయి. వాటిలో నాకు ఇష్టమైనది తడి పత్తి గురించి. ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనుగోలులో తేమ 8 నుంచి 12 శాతం అని లెక్క ఉంది, పత్తి పండించేవాళ్లందరికీ తెలుసు. మంచు పట్టిన పత్తి మిషన్లోకి పోతే గింజకు దూది అంటుకునే కిందపడుతుంది. కొత్త ఫిట్టర్లు అది కత్తి తప్పనుకుని బిగిస్తారు, దాంతో రోలర్ వేడెక్కి కాలిన వాసన వస్తుంది. కాకా చెప్పిన పుట మొదటి వాక్యం ఇది: "తడి పత్తి అచ్చినప్పుడు కత్తిని ముట్టద్దు, మేత తగ్గియ్యాలె." మేత అంటే మిషన్లోకి వదిలే పత్తి.

ఇక వరద సంగతి. 2023 జులై 27, గురువారం. భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి మునిగిన రోజే. మా మిల్లు ఆఫీసులో నడుము లోతు నీళ్లు. కంప్యూటర్ డబ్బా బల్ల కింద నేల మీదే ఉండేది. శుక్రవారం వెళ్లి చూస్తే దాని నిండా బురద. సీజన్ లేని కాలం కాబట్టి పత్తి తడవలేదు, అంతవరకు అదృష్టం. కానీ అదే ఓవరాలింగ్ సమయం. ఎనిమిది జిన్నులు విప్పి ఉన్నాయి. రోలర్లు, కత్తులు, ఏ మిషన్‌వి ఏవో గుర్తులు పెట్టిన సామాను అంతా కలగలిసిపోయింది. దసరా నాటికి మిల్లు నడవాలి. కాకా అంతకు ఏడాది ముందే పని మానేసి కరీంనగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు.

ఫోన్ చేశాం. పాపం, చెప్పాలని చాలా తాపత్రయపడ్డారు. పది నిమిషాలయ్యాక ఆయనే ఆగి, "మిషన్ ముంగట నిలబడితేనే యాదికొస్తది బిడ్డా, గిట్ల ఫోన్ల అంటే వస్తలేదు" అన్నారు. గొంతు తగ్గిపోయింది. ఆ రికార్డులన్నీ షెడ్డులోనే చేసి ఎంత మంచి పని చేశామో అప్పుడు తెలిసింది.

ప్రతి శనివారం డేటా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి హన్మకొండలో ఇంటికి తెచ్చుకునే అలవాటు నాది. చివరిది 22వ తేదీది. ఆ రాత్రి మా అమ్మాయి లాప్‌టాప్‌లో పెట్టి చూశా. అందులో డోకువికీ లేదు, సర్వర్ లేదు, ఏమీ లేదు. ఫోల్డర్ తెరిస్తే గుండె జారింది. తెలుగులో పెట్టిన పుటల పేర్లన్నీ శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లిష్ అక్షరాల వరసలుగా కనిపించాయి. పాడైపోయాయనే అనుకున్నా. సరే చూద్దామని ఒకదాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచా. "తడి పత్తి అచ్చినప్పుడు కత్తిని ముట్టద్దు..." శుభ్రంగా తెలుగులో, కాకా చెప్పింది చెప్పినట్టు. తర్వాతిది తెరిచా, అదీ బాగుంది. పక్కనే ఉన్న మా అమ్మాయి ఏమైందని అడిగితే వెంటనే మాట రాలేదు నాకు.

తెల్లారేసరికి జిన్నుల పుటలన్నీ ప్రింటు తీసి షెడ్డుకు తీసుకుపోయా. కరెంటు ఇంకా సరిగా లేదు. చిన్న ఫిట్టర్లు ఆ కాగితాలు పట్టుకునే మొదటి మిషన్ బిగించారు. వికీ మళ్లీ నిలబడడానికి పది రోజులు పట్టింది, పని మాత్రం ఒక్క రోజూ ఆగలేదు.

ఫోల్డర్ కాపీ ఉంటే చాలు అని మొదటి ఏడాది నేను చాలామందికి చెప్పా. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. పుటలు, ఫోటోలు, ఆడియోలు డేటా ఫోల్డర్‌లో ఉంటాయి. ఖాతాల జాబితా, సెట్టింగులు కాన్ఫ్ అనే వేరే ఫోల్డర్‌లో ఉంటాయి. దాన్ని నేను ఏనాడూ కాపీ చేయలేదు. కొత్త కంప్యూటర్లో తెరిస్తే పుటల అడుగున కాకా పేరు పోయి, లాగిన్ కోసం పెట్టిన 'ఫిట్టర్1' అని పడింది. పేరు ఉంటుందని మాటిచ్చి రాయించుకున్నవి అవి. అదే లాగిన్‌తో మళ్లీ ఖాతా తెరిచి, పూర్తి పేరు చూపించే సెట్టింగు పెట్టాక సరైంది. ఆ సాయంత్రం కాకాకు ఫోటో పంపా. ఇప్పుడు రెండు ఫోల్డర్లూ కాపీ చేస్తున్నా.

ఇంకోటి, పుటల పాత కూర్పులు కూడా భద్రంగానే ఉంటాయి కానీ అవి కుదించిన ఫైళ్లు, నోట్‌ప్యాడ్‌లో నేరుగా తెరుచుకోవు.

తెలుగు పేర్ల విషయంలో జాగ్రత్త. మామూలు సెట్టింగులో ఒక్కో తెలుగు అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు ఫైలు పేరులో తొమ్మిదేసి గుర్తులవుతాయి. ఫైలు పేరుకు హద్దు 255. అంటే పాతిక అక్షరాలు, గుర్తులు దాటిన పేరు పెడితే పుట సేవ్ కాదు. మాకు ఒక పొడుగు పేరుతో ఇదే జరిగింది. మధ్యలో సెట్టింగు మారిస్తే పాత పుటలు కనబడకుండా పోతాయి, కాబట్టి మొదటి రోజే తేల్చుకోండి. మేము పుటకు పొట్టి పేరు పెట్టి, లోపల మొదటి వరుసలో పూర్తి తెలుగు శీర్షిక రాస్తున్నాం.

వెతకడం కూడా తెలుగుకు అంత సుఖం కాదు. 'రోలర్' అని కొడితే 'రోలర్లు', 'రోలర్లకు' దొరకవు. చివర నక్షత్రం గుర్తు పెట్టాలి. చిన్న ఫిట్టర్లకు నేర్పితే వారంలో అలవాటైంది.

అందరూ రాస్తారని మొదట్లో ఆశపడ్డా. ఐదు సీజన్లలో స్వయంగా రాసింది ముగ్గురమే. మిగతావాళ్లు వచ్చి నాతో చెబుతారు, నేను ఎక్కిస్తా. నాణ్యత నిర్వహణకు పెట్టిన ఐఎస్‌ఓ 9001 ప్రమాణంలో 2015 నుంచి 'సంస్థ జ్ఞానం' అని ఒక అంశమే ఉంది, కాబట్టి ఇది ఎవరో ఒకరి పనిగా జీతంలో లెక్కకట్టాలని సేటును అడిగా. పోయిన ఏడాది నుంచి వారానికి రెండు గంటలు దీనికే ఇచ్చారు. ఆ రెండు గంటలు లేకపోతే ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా మా దగ్గర నిలిచేది కాదని నా నమ్మకం.

మాది ఒక్క షెడ్డు, ఒక్క వైఫై, దాచాల్సిన రహస్యాలు పెద్దగా లేవు. అందుకే మాకు ఇది సరిపోయింది. వందల మంది ఉండి, ఎవరు ఏది చూడొచ్చో కట్టుదిట్టం కావాల్సిన ఆఫీసుకు ఇదే పెట్టుకోమని నేను చెప్పలేను. కంప్యూటర్ పాడైతే చేయి పెట్టే మనిషి ఒక్కరైనా లేనిచోట కూడా కష్టమే. మా మిల్లుకైతే ఇంకోటి వెతకను.

బేళ్లు కట్టే ప్రెస్సు గురించి కాకా ఇంకా పూర్తిగా చెప్పలేదు. 170 కిలోల బేలు ఒక పక్కకు ఒరిగితే ఏం చూడాలో ఆయనకే తెలుసు. దసరాకు ఊరొస్తానన్నారు. ప్రెస్సు ముందు రెండు కుర్చీలు వేయించి పెడతా.