వాసాలోపెట్‌కా, బిర్కెన్‌కా?

దూరపు స్కీ పందేల్లో స్వీడన్ వాసాలోపెట్, నార్వే బిర్కెబైనర్ (పొట్టిగా బిర్కెన్) రెండూ పేరున్నవే. రెండింటిలోనూ క్లాసిక్ పద్ధతే: గాడిలో స్కీలు పక్కపక్కనే జారాలి.

వాసాలోపెట్ 1922లో మొదలైంది. సేలెన్ నుంచి మోరా దాకా 90 కిలోమీటర్లు. బిర్కెన్ 1932 నాటిది. రేనా నుంచి లిల్లెహామర్‌కి 54 కిలోమీటర్లే. అంత మాత్రాన సులువనుకోకండి. కొండలెక్కాలి, పైగా వీపున కనీసం 3.5 కిలోల సంచి మోయాలి. 1206లో యోధులు పసివాడైన రాకుమారుడు హాకోన్‌ను మంచుకొండలు దాటించి కాపాడారు. ఆ బిడ్డ బరువన్నమాట అది. చివర్లో సంచిని తూకం వేస్తారు కూడా. నా ఓటు బిర్కెన్‌కే, ఆ సంచి కోసమే.

వాసాలోపెట్‌లో టెన్షనంతా మొదట్లోనే. వేలమంది ఒకేసారి కొండకు ఎగబడితే స్కీ కర్రలు విరుగుతాయి. ఆ తర్వాత ఎక్కుడు తక్కువే, కానీ దారి ఎంతకీ తరగదు. మధ్యమధ్యలో ఇచ్చే వేడివేడి బ్లూబెర్రీ సూప్ ప్రాణం లేచొచ్చేలా చేస్తుంది. 90 మరీ ఎక్కువనిపిస్తే అదే దారిలో 45 కిలోమీటర్ల హాల్వ్‌వాసన్ ఉంది. కొత్తవాళ్లు దాంతో మొదలుపెట్టడమే మంచిది.