పల్లె ఫోటోలతో మ్యూజిక్ స్లైడ్‌షోలు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

జమ్మలమడుగు చుట్టుపక్కల చేలు, వంకలు, గుట్టలు ఫోటోలు తీసి, వాటికి సంగీతం కలిపి, మూడు నిమిషాల స్లైడ్‌షోలుగా చేసి పంచుకోవడం నాకు ఏళ్లుగా ఉన్న అలవాటు. ఊళ్లో వాళ్లు చూస్తారు, కువైట్‌లో పనిచేసే మా చుట్టాలు చూస్తారు. కెమెరా పాత డీఎస్‌ఎల్‌ఆర్, దాంతోపాటే వచ్చిన 18-55 లెన్స్. కూర్చడానికి కంప్యూటర్‌లో వీడియోలు ఎడిట్ చేసే డావిన్చీ రిజాల్వ్ అనే ప్రోగ్రామ్ ఉచిత వెర్షన్. మధ్యలో రెండు మూడు ఫోన్ యాప్‌లు కూడా వాడి చూశాను. ఈ పద్ధతి మొత్తం ఎట్లా పనిచేస్తుందో, ఎక్కడ ఇబ్బంది పెడుతుందో రాయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా. ముందే తేల్చి చెప్తున్నా: మన సీమ నేలను చూపించడానికి రీల్ కంటే, వీడియో కంటే కదలకుండా నిలిచే ఫోటోనే మేలు. ఆ ఫోటోను తెర మీద ఎంతసేపు ఉంచుతామన్నదే అన్నిటికన్నా ముఖ్యం. కెమెరా ఖరీదు తర్వాతి సంగతి.

కోనసీమ పచ్చదనమైతే చూడగానే కంటికి ఆనుతుంది. నల్లరేగడి అట్లా కాదు, పైపైన చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. కాస్త ఆగి చూస్తే గొర్రు పోయిన సాళ్లు, గట్టు పొడుగునా నిలబెట్టిన కడప బండలు, వాటి వెనక ఎర్రమల కొండల గీత ఒక్కొక్కటే బయటపడతాయి. రిజాల్వ్‌లో ఫోటోను టైమ్‌లైన్ మీదికి లాగితే మామూలుగా 5 సెకన్లు ఉంటుంది. అదే లెక్కన చేసినదాన్ని ఒకసారి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంట్లో టీవీకి పెట్టాను. మా జేజి చూస్తూ చూస్తూ, "రోంతసేపు నిలుపురా, ఆ చింతమాను యాడిదో చూడనీ" అంది. ఆమె గుర్తుపట్టేలోపే ఫోటో మారిపోతోంది. అప్పట్నుంచి ఒక్కో ఫోటోకు 7 సెకన్లు ఇస్తున్నా. 24 ఫోటోలైతే మూడు నిమిషాల లోపే అయిపోతుంది. అంతకు మించి ఫోటోలు పెడితే చూసేవాళ్లు మధ్యలోనే ఫోన్ పక్కన పడేస్తారు. కాబట్టి తీసినవాటిలో నూటికి తొంభై తీసేయాల్సిందే. కష్టంగా ఉంటుంది కానీ స్లైడ్‌షో బాగుపడేది అక్కడే.

ఇక ఫోటోలు తీయడం గురించి. రేగడి నేలను ఫోటో తీసేవాళ్లందరికీ ఎదురయ్యే సమస్య ఒకటుంది. ఫ్రేమ్ నిండా నల్లమట్టి ఉంటే కెమెరా దాన్ని సగటు వెలుతురుకు తేవాలని చూసి, బూడిద రంగులోకి లాగేస్తుంది. వాన పడి ఆరిన రేగడి ఎంత నల్లగా ఉంటుందో మనకు తెలుసు, ఫోటోలో మాత్రం సిమెంటు పూసినట్టు వస్తుంది. ఫోటో వెలుతురును మనమే పెంచి, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అనే సెట్టింగును మైనస్ వైపు స్టాపులో (వెలుతురు కొలతలో) మూడింట రెండు వంతులు జరిపితే మట్టి మళ్లీ మట్టిలా కనిపిస్తుంది. చలికాలం పొద్దున పొగమంచు తీసేటప్పుడు దీనికి తలకిందులు, ప్లస్ వైపు జరపాలి. ఫోన్‌లో అయితే తెర మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికో పైకో జరిపితే చాలు. ఈ ఒక్కటి అలవాటైతే సగం పని అయినట్టే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి శనగ చేలు. మా వైపు వానాకాలం రేగడిని బీడుగా ఉంచి, అక్టోబర్, నవంబర్ నెలల్లో పదును చూసి శనగ వేస్తారు. డిసెంబర్‌లో తెల్లవారగానే వెళ్తే చిన్న చిన్న ఆకుల మీద మంచు పట్టి చేను మొత్తం వెండి రంగులో ఉంటుంది. పొద్దు మన ఎదురుగా, కాస్త పక్కకు ఉండేట్టు నిలబడి, మోకాళ్ల ఎత్తులో కెమెరా పట్టుకుంటే ఒక్కో బిందువూ వెలుగుతుంది. శనగ ఆకు పులుపు ఊరుతుంది కాబట్టి ఆ నీళ్లు కాళ్లకు తగిలితే చిమచిమలాడుతుంది. లెన్స్ మీద పడితే వెంటనే మెత్తటి గుడ్డతో తుడవాలి. ఎనిమిది దాటితే ఆ వెండి పోతుంది, తర్వాత ఎంత ప్రయత్నించినా రాదు.

గండికోటలో అందరూ సూర్యోదయం కోసం రాతి అంచు మీద కూర్చుని, పొద్దు పైకి రాగానే లేచి వెళ్లిపోతారు. ఆ సమయంలో ఆకాశం మరీ వెలుగు, లోయ మరీ చీకటి, రెండూ ఒక ఫోటోలో ఇమడవు. నాకు కావాల్సింది ఆ తర్వాతి అరగంట. ఎండ ఏటవాలుగా గోడల మీదికి దిగి, ఎర్రరాయి పొరలు పొరలుగా విడివిడిగా కనిపిస్తుంది, కింద పెన్నలో నీళ్లుంటే ఆ ఎరుపు అందులోనూ పడుతుంది. లెన్స్ ముందు తగిలించి మెరుపును తగ్గించి, ఆకాశం రంగును ముదురు చేసే పోలరైజర్ ఫిల్టర్ ఒకటి కొనుక్కుంటే మంచిది. సూర్యుడు మన భుజానికి నేరుగా ఉన్న దిక్కులో అది బాగా పనిచేస్తుంది, ఎదురుగానో వీపు వెనకో ఉంటే దాదాపు తేడా తెలియదు. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది గంటలకే ఆకాశం తెల్లగా మారుతుంది. ఆ నెలల్లో నేను ఆకాశాన్ని ఫ్రేమ్‌లోకి రానివ్వను. పగుళ్లు, నీడలు, ఎండిన వంక ఇసుక మీద మేకల కాళ్ల గుర్తులు తీస్తాను.

కూర్చడం విషయానికొస్తే, రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఈ పనికి చాలా ఎక్కువ. వీడియో మీద దాని గుర్తు వేయదు, 3840×2160 దాకా ఫైల్ ఇస్తుంది. ఫోటో మీద మెల్లగా దగ్గరికి వెళ్లడం, దూరం జరగడం డైనమిక్ జూమ్‌తో చిటికెలో అవుతుంది. అమెరికన్ డాక్యుమెంటరీ దర్శకుడు కెన్ బర్న్స్ పేరుతో అందరూ పిలిచే ఎఫెక్ట్ అదే. దీనికి లెక్క ఒకటుంది: ఫుల్ హెచ్‌డీ తెర వెడల్పు 1920 పిక్సెళ్లు. ఫోన్ ఇచ్చే 12 మెగాపిక్సెళ్ల ఫోటో వెడల్పు సుమారు 4000. అంటే రెండింతల దాకా దగ్గరికి వెళ్లినా ఫోటో పాడవదు. కానీ నేను నూటికి ఐదు వంతులకు మించి కదిలించను. చేలను ఊపేస్తే కళ్లు తిరుగుతాయి. కొన్ని ఫోటోలను అసలు కదిలించకుండా వదిలేయడమే అందం.

ఎక్కువమంది పట్టించుకోనిది నేలా ఆకాశం కలిసే గీత. ఒక ఫోటో మరో ఫోటోలోకి కరిగేటప్పుడు ఆ గీత ఒకదాంట్లో పైన, ఒకదాంట్లో కింద ఉంటే కొండలు ఎగిరి పడ్డట్టు ఉంటుంది. రెండింట్లో ఒకే ఎత్తుకు సర్దితే ఆకాశం అట్లాగే ఉండి నేల మాత్రం మారినట్టు అనిపిస్తుంది. ఒకే గట్టు మూల నుంచి, అదే బండరాయి పక్కన నిలబడి, ఏరువాకప్పుడు, శనగ పూతప్పుడు, కోత అయ్యాక, నడి ఎండాకాలంలో తీసిన ఫోటోలను ఈ విధంగా ఒకదాంట్లోకి ఒకటి కరిగిస్తే ఏడాది మొత్తం అరనిమిషంలో తెలిసిపోతుంది. మా వాళ్లు మళ్లీ మళ్లీ పెట్టమని అడిగేది ఈ ముక్కనే.

లోటు కూడా చెప్పాలి. రిజాల్వ్‌కు గట్టి కంప్యూటర్ కావాలి. 16 జీబీ ర్యామ్, సొంత గ్రాఫిక్స్ కార్డు ఉంటే సుఖం, పాత ల్యాప్‌టాప్ మీద చేస్తే ఓపిక పరీక్షే. నేర్చుకోవడానికీ టైమ్ పడుతుంది. ఫోన్ యాప్‌లతో పని తొందరగా అవుతుంది, కాకపోతే నేను వాడిన ఒకటి మూలన తన గుర్తు వేసి, అది పోవాలంటే నెలనెలా డబ్బు కట్టమంది. ఇంకొకటి ఫోటోలను తన ఇష్టమొచ్చిన చోట కత్తిరించి, గట్టు మీద నిలబడ్డ మనిషి తలనే ఎగరగొట్టింది. ఆటోమేటిక్ టెంప్లేట్లు ముఖాల కోసం చేసినవి, పొలాల కోసం కాదు.

సంగీతం దగ్గరే చాలామంది తడబడతారు. సినిమా పాట పెడితే యూట్యూబ్‌లో హక్కులున్న పాటలను వాటంతటవే పసిగట్టే కంటెంట్ ఐడి అనే ఏర్పాటు గుర్తుపడుతుంది. హక్కుదారు ఇష్టాన్ని బట్టి ప్రకటనల డబ్బు వాళ్లకు పోవచ్చు, లేదా కొన్ని దేశాల్లో వీడియోనే తెరుచుకోకపోవచ్చు. కువైట్‌లో ఉన్నవాళ్ల కోసం చేసింది కువైట్‌లోనే రాకపోతే ఏం లాభం? పాతదైతే ఫర్వాలేదు అనుకోవడమూ సరికాదు. మన చట్టంలో రికార్డింగ్ మీద హక్కు విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు ఉంటుంది, సాహిత్యానికీ బాణీకీ లెక్క వేరు. అన్నమయ్యనే తీసుకోండి. మన రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టి 1503లో కన్నుమూసిన ఆయన సంకీర్తనల సాహిత్యాన్ని ఎవరైనా పాడుకోవచ్చు. ఇప్పటి గాయకులు పాడిన రికార్డింగ్‌ను మాత్రం అడగకుండా వాడకూడదు. మా అక్క కూతురు సంగీతం నేర్చుకుంటోంది. వాళ్ల అమ్మను అడిగి, ఆ పిల్ల పాడిందే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకున్నా. శ్రుతి అక్కడక్కడా జారినా చూసేవాళ్లకు అదే ముద్దు. ఏమీ దొరకనప్పుడు యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంటుంది. అందులో కొన్నిటికి సంగీతకారుడి పేరు వేయాలి, ఆ షరతు చదివి తీసుకోండి.

అన్నిటికన్నా బాగా కుదిరింది మాత్రం మన నేల చప్పుళ్లే. రామాలయం దగ్గర చెక్కభజన, వంకలో నీళ్ల మోత, తెల్లారి కౌజుపిట్టల అరుపు, మందను మళ్లించే కాపరి ఈల. భజన బృందాన్ని అడిగి, చిత్రాలతో పాటు వాడుకుంటామని చెప్పి రికార్డు చేశాను. ఫోన్ మైకు మీద పల్చటి గుడ్డ చుడితే గాలి రొద చాలావరకు తగ్గుతుంది. చెక్కల ప్రతి దెబ్బకూ ఫోటో మార్చాలనిపిస్తుంది, మార్చకండి. పాట నడుస్తుండగా ఒక వరుస ముగిసే చోటల్లా రిజాల్వ్‌లో ఎమ్ మీట నొక్కి గుర్తు పెట్టుకుని, అక్కడ మాత్రమే మార్చితే చూపు, వినికిడి కలిసి నడుస్తాయి. ఇంకో మాట, ఎండిన చేను ఫోటో మీద ఏడుపు సంగీతం పెట్టడం నాకు నచ్చదు. ఎండాకాలంలో చేను ఖాళీగా ఉండడం మా దగ్గర ఏటా జరిగేదే. దాన్ని కరువు బొమ్మగా చూపిస్తే ఆ చేను దున్నేవాళ్లకు అన్యాయం. అక్కడ నేను ఉత్త గాలి చప్పుడు వదిలేస్తాను.

పంచేటప్పుడు వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే సైజు తగ్గించడానికి నాణ్యత తగ్గిస్తుంది, మంచు బిందువులన్నీ మసకబారతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది. సెకనుకు 5 మెగాబిట్ల లెక్కన మూడు నిమిషాల ఫైల్ సుమారు 110 ఎంబీ అవుతుంది. దూరంలో ఉన్నవాళ్లకు యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లకే కనిపించేట్టు) పెట్టి లింకు పంపడం తేలిక. చేలో మనుషులు కనిపించే ఫోటోలను వాళ్లను అడగకుండా నేను ఎక్కడా పెట్టను.

ప్రోగ్రామ్‌లను నమ్ముకుని ఫైళ్లు వదిలేయకండి. ఫోటోలు సర్దుకునే గూగుల్ ప్రోగ్రామ్ పికాసా 2016లో, విండోస్ మూవీ మేకర్ 2017లో ఆగిపోయాయి. పూర్తయిన ఎంపీ4 ఫైల్, అసలు ఫోటోలు, రికార్డు చేసిన ఆడియో, ఈ మూడింటినీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ఇంకో హార్డ్ డిస్క్‌లోకి కూడా కాపీ చేసుకోండి. రోజుకొక పోస్టు పెట్టాలనుకునేవాళ్లకు, లైకుల కోసం చేసేవాళ్లకు ఈ పద్ధతి సరిపోదు, ఒక్కోదానికి వారాలు పడుతుంది. సొంత ఊరి చేలను ఏడాది పొడుగునా తీసే ఓపిక ఉన్నవాళ్లు, కంప్యూటర్ అందుబాటులో ఉంటే, కొత్త కెమెరా కోసం ఆగకుండా ఉన్న ఫోన్‌తోనే మొదలుపెట్టొచ్చు.